రెండు బాడిసల తగువు

నూజివీడు దగ్గర ఒక ఊళ్లో, వడ్రంగి పాక ముందు, మామిడి మొద్దొకటి పడుంది. వేసవి గాలివానకు కూలిన చెట్టు అది. తోట యజమాని కొమ్మల్ని వంటచెరకుకు అమ్ముకుని మానును మాత్రం మావయ్యకు వదిలేశాడు. ఆ మొద్దు మీద రెండు బాడిసలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి మావయ్యది. తిన్నటి వాదర, నాలుగు వేళ్ల వెడల్పు అలుగు, చెమటకు నల్లబడిన తుమ్మ కామ. రెండోది సియాటిల్ నుంచి వచ్చిన మేనల్లుడిది, స్వీడన్‌లో చేసింది. అలుగు గరిటెలా వంగి ఉంది, కామ జానెడు కన్నా కాస్త పొడవు. చేతిసంచిలో పెడితే విమానం ఎక్కనివ్వరు కాబట్టి పెద్దపెట్టెలో మూడు చొక్కాల మధ్య చుట్టి తెచ్చాడు.

మావయ్య నలభై ఏళ్లుగా ద్వారబంధాలు, నాగళ్లు, బండి చక్రాలు, ఈ మధ్య ఎక్కువగా మంచాల రిపేర్లు చేస్తున్న మనిషి. మేనల్లుడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగేళ్లుగా శని ఆదివారాల్లో కొయ్య గిన్నెలు చెక్కుతున్నాడు. ఈ పని తప్పించడానికే వాణ్ణి అమెరికా దాకా చదివించామని వాళ్లమ్మ నవ్వుతూ ఉంటుంది.

అతనికి ఇంకో బాడిస కావాలి. ఉన్నదాని కన్నా చిన్నది. స్వీడన్‌లో ఒక కమ్మరిశాలకు ఆర్డరు పెట్టే ముందు మావయ్యను ఒక మాట అడుగుదామనుకున్నాడు. తగువు అక్కడే మొదలైంది.

"ఎంతట?"

"పదిహేను, ఇరవై వేల మధ్య. పంపే ఖర్చు వేరే."

రూపాయలేనా అని మావయ్య రెండోసారి అడిగి రూఢి చేసుకున్నాడు. "ఆ డబ్బుతో పాకలో సామానంతా మళ్లీ కొనుక్కుంటానురా. రంపం, చిత్రిక, ఉలులు, బరమా, అన్నీ. బాడిసంటే ఏముంది? ఇనప ముక్క, దానికో కర్ర. ఊళ్లో కొలిమి ఇంకా ఆరిపోలేదు."

"ఇనప ముక్కే మావయ్యా. కానీ నీ బాడిసతో నేను గిన్నె లోపల చెక్కలేను. నువ్వూ చెక్కలేవు."

ఆ చివరి రెండు మాటలూ అనకుండా ఉంటే ఆ పూట భోజనాలు వేళకు అయ్యేవి.

మావయ్య లేచి మొద్దులో ఇనప చీలలు దిగగొట్టి నిలువునా రెండుగా పగలదీశాడు. మాను నడిమధ్య మెత్తటి గుజ్జు వరస ఉంటుంది. దాన్ని గిన్నెలో మిగలనిస్తే ఆరేటప్పుడు పగులు అక్కడే మొదలవుతుంది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి దాని మీద వాదన రాలేదు. గుజ్జు పోయేదాకా చెక్కి, ఆ చదును ముఖం మీద బొగ్గుతో కోడిగుడ్డు ఆకారం గీశారు. పొడవు 14 అంగుళాలు, వెడల్పు 9. పాత ఇళ్లలో పిండి కలుపుకునే కొయ్య మరిగె ఇంచుమించు ఇంతే ఉండేది.

తర్వాత మావయ్య గొంతుక్కూర్చుని, మొద్దును రెండు పాదాల వేళ్లతో బిగించి, ఆ వేళ్లకు బెత్తెడు దూరంలో బాడిస దింపడం మొదలుపెట్టాడు. మేనల్లుడికి ఊపిరాడలేదు.

"మావయ్యా, కాళ్లు! అక్కడ క్లాసులో మొదటి పాఠమే ఇది. దెబ్బ పడే దారిలో ఒళ్లు ఉండకూడదు."

"లెక్కపెట్టుకో," అన్నాడు మావయ్య చెయ్యి ఆపకుండా. "పదీ ఉన్నాయా?"

ఉన్నాయి. ఎడమ బొటనవేలి గోరు మాత్రం మామూలు గోరులా లేదు. దాని కథ ఎవరూ అడగలేదు. పుట్టినప్పటి నుంచి నేల మీద కూర్చుని పని చేసినవాళ్లకు అబ్బిన విద్య అది, కొత్తవాళ్లు అనుకరించేది కాదు. మేనల్లుడు తన ఇంట్లో మోకాలెత్తు దుంగ ఒకటి పెట్టుకున్నాడు. దాని తలలో గుంట తొలిచి, గిన్నెను అందులో కూర్చోబెట్టి, రెండు చెక్క చీలలతో బిగిస్తాడు. ఎడమ చేతికి గిన్నె దగ్గర పనే ఉండదు.

పావుగంటలో బయటి రూపం వచ్చేసింది. ఉబ్బెత్తు ముఖం మీద తిన్నటి వాదర ఎంత చక్కగా నడుస్తుందో చూస్తే, గిన్నె పనిలో సగానికి కొత్త పనిముట్టేమీ అక్కర్లేదని తేలిపోతుంది. పచ్చి మామిడి పేళ్లు అరచేయంత వెడల్పున లేచి పడ్డాయి. మావయ్య ఏమీ అనలేదు కానీ మొద్దును తిప్పి వెల్లకిలా పెట్టిన తీరులో, చూశావా అన్న మాట వినిపించింది.

లోపలి పని వేరు. మొదటి నాలుగు దెబ్బలు బాగానే పడ్డాయి. పైన ఇంకా చదునే కదా. రెండు వేళ్ల లోతు దిగేసరికి బాడిస మొరాయించింది. తిన్నటి వాదర గుంటలోకి దిగితే ముందు దాని రెండు చెవులే కర్రను తాకుతాయి. నడుమ భాగానికి పనే దొరకదు. చెవులు దిగిన చోట కర్ర పీచుపీచుగా చీలింది. ఇంకాస్త లోతుకు పోతే అలుగు వీపు గిన్నె అంచుకు కొట్టుకుంది.

"కడవలో పారతో తవ్వినట్టుంది," అని మావయ్యే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నా తగ్గలేదు. "అయితే దీనికి ఉలి ఉంది. నూజివీడు వీణ కుండను దేంతో తొలుస్తారనుకున్నావ్? పనస మొద్దు, గుండ్రటి ఉలి, సుత్తి. అటు బొబ్బిలి వీణకైనా అంతే, మొత్తం ఒకే మానులో చెక్కుతారు. వాళ్లెవరూ స్వీడన్ నుంచి బాడిస తెప్పించుకోలేదు."

ఇది కొట్టిపారేసే వాదన కాదు. గుండ్రటి ఉలి, కొయ్య సుత్తి ఉంటే ఎంత లోతు గిన్నెనైనా తొలవచ్చు, దెబ్బ ఎక్కడ పడుతుందో ముందే తెలుస్తుంది, పక్కింటివాళ్లకు పేళ్లు తగలవు. మేనల్లుడు సగం ఒప్పుకున్నాడు. జానెడు లోపు గిన్నె అయితే బాడిసకు లోపల తిరిగే చోటే ఉండదు, అక్కడ ఉలే సరైనది అన్నాడు. కానీ 14 అంగుళాల గిన్నెలో పోవాల్సిన కర్ర చాలా ఎక్కువ. మొద్దు పచ్చిగా, మెత్తగా ఉన్నప్పుడే దాన్ని తీసేయాలి. ఉలితో పూటంతా పట్టేది బాడిసతో గంటలో అవుతుంది. వీణ చేసేవాళ్లది ఏళ్ల తరబడి మోగాల్సిన వస్తువు, ఆ ఓపిక వేరు.

"సరే, నీ గరిటె ఇటివ్వు," అన్నాడు మావయ్య.

తీసుకుని ముందు కొట్టి చూడలేదు. వాదర మీద బొటనవేలు అడ్డంగా పెట్టి చూశాడు, తిరగేశాడు, కామ దూరిన కంతలోకి తొంగి చూశాడు. తర్వాత అడిగాడు: "వాలు బయటి వైపు పెట్టారేం?"

చిన్న బాడిస ఎంచుకోవడంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ధర చూసి, అందం చూసి కొనేవాళ్లు దీన్ని అడగరు. మావయ్య బాడిసకు సానపట్టిన వాలు లోపలి వైపు, అంటే కామకు ఎదురుగా ఉంటుంది. బయటి వీపు తిన్నగా ఉంటుంది. దూలాన్ని చదును చేయాలంటే అలాగే ఉండాలి. వీపు చెక్కను ఆనుకుని జారుతుంటే వాదర దారి తప్పదు. గిన్నె లోపలికి వచ్చేసరికి అదే తిన్నటి వీపు అడ్డమవుతుంది. వాదర దిగడం తెలుసు గానీ పైకి లేవడం దానికి తెలియదు. బయట వాలున్న బాడిసలో, వాదర దిగాక ఆ వాలు మడమ కర్రకు ఆని తిరుగుడు ఆధారమవుతుంది. అలుగు గుంట వంపును పట్టుకుని తనంతట తానే పైకి లేచి వస్తుంది. పేడు తెగి ఊడిపోతుంది.

"మరి నా బాడిసకు కామ ఊడదీసి సాన పడతాను. నీదానికి చీల బిగించేశారు. ఎట్టా పడతావ్?"

"అదే మావయ్యా. నీ వాలు లోపల ఉంది కాబట్టి సానరాయికి కామ అడ్డమొస్తుంది, ఊడదీయాలి. నాది బయట ఉంది. కామతోనే పట్టొచ్చు."

మావయ్య ఒక క్షణం ఆలోచించి, అవునన్నట్టు తలాడించాడు. కంత ఎందుకు ఆ ఆకారంలో ఉందో, కామ ఎందుకు వదులుగా దూర్చుతారో ఆయనకు చిన్నప్పటి నుంచి చేతికి తెలుసు. కారణం మాటల్లో వినడం బహుశా ఇదే మొదటిసారి. వెంటనే ఎదురు ప్రశ్న వేశాడు: "ఇదే బాడిసతో బయటి ముఖం చెక్కమంటే?"

"సరిగా రాదు. ఉబ్బెత్తు మీద మడమ ఎత్తేస్తుంది, వాదర అందదు. స్వీడన్‌లో బయటి పని గొడ్డలితో చేస్తారు."

"అంటే దీనికి ఒక్క పనే వచ్చు. నాదానికి పది పనులొచ్చు."

"ఆ పదిలో ఈ ఒక్కటి లేదు."

భోజనానికి పిలుపు వచ్చింది. ఎవరూ లేవలేదు.

వాదర వంపు ఎంత ఉండాలన్న దగ్గర ఇద్దరూ కాసేపు ఒకే వైపు నిలబడ్డారు. గిన్నె వంపు కన్నా వాదర వంపు కొంచెం ఎక్కువ ఉండాలి. తక్కువైతే చెవులు కర్రను చీలుస్తాయి, అది కళ్లముందే చూశారు. మరీ ఎక్కువైతే దెబ్బదెబ్బకీ ఒక కాలవ పడుతుంది. ఆ కాలవల మధ్య గట్లన్నీ తర్వాత ఉలితో తీయాలి, బాడిసతో మిగిల్చుకున్న సమయం అక్కడ పోతుంది. మేనల్లుడి దగ్గరున్నది రెండంగుళాలు దాటిన వెడల్పుతో, మధ్యరకం వంపుతో ఉంది. పెద్ద గిన్నెలకు బాగుంటుంది. చిన్న గిన్నె గోడల దగ్గర మాత్రం చెవులు తగులుతున్నాయి. రెండోది కావాలన్నది అందుకే.

"గిన్నెకో బాడిసా?"

"గిన్నెకొకటి కాదు. పెద్దవాటికి ఒకటి, చిన్నవాటికి ఒకటి. నీకు ఉలులు ఎన్నున్నాయి మావయ్యా?"

మావయ్య గోడకున్న ఉలుల వరస వైపు చూడకుండానే మాట మార్చేశాడు.

అసలు చిక్కు కామ దగ్గర ఉంది. మేనల్లుడు తన మొదటి బాడిస కథ చెప్పాడు. ఆన్‌లైన్‌లో చౌకగా దొరికింది, ఫొటోలో చూడముచ్చటగా ఉంది. తయారుచేసిన వాళ్ల పేరు ఇక్కడ అనవసరం. కొడితే కర్ర మీద ఎగిరి పడేది. దిగితే ఇరుక్కునేది. మూడు రోజులు మణికట్టు వాచింది. తప్పు తన చేతిదేననుకుని ఆరు నెలలు దాంతోనే కుస్తీ పట్టాడు. చివరికి చెక్కడం నేర్పే ఒకావిడ దాన్ని బల్ల మీద పెట్టి చూపించింది. పనిచేసేటప్పుడు పట్టుకున్నట్టే కామ పట్టుకుని, బయటి వాలును బల్లకు ఆనించమంది. వాలు ఆనాలంటే చెయ్యి భుజమంత ఎత్తు లేపాల్సి వచ్చింది. అలుగుకూ కామకూ మధ్య కోణం అంత విచ్చుకుపోయి ఉంది. ఆ ఎత్తు నుంచి ఎవరూ గిన్నె చెక్కలేరు. కోణం మరీ మూసుకుపోయి ఉంటే దీనికి ఎదురు జబ్బు: వాదర కర్రను అందుకునే లోపే వేళ్ల కణుపులు అంచుకు కొట్టుకుంటాయి.

ఇది వింటున్నప్పుడు మావయ్య ముఖం మారింది. ఇంతసేపూ ఆయనకు పరాయి వస్తువుగా ఉన్నది ఇప్పుడు తన లెక్కలోకి వచ్చింది.

"బండి చక్రంరా ఇది. మణికట్టు ఇరుసు. కామ ఆకు. అలుగు ఇనప పట్టా. ఆకు పొడవు మారితే పట్టా వంపు మారదూ?"

ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. బాడిస వాదర గాలిలో ఒక చక్రం గీస్తుంది. చిన్న దెబ్బకు ఆ చక్రం ఇరుసు మణికట్టు, పెద్ద దెబ్బకు మోచెయ్యి. బయటి వాలు ఆ చక్రాన్ని ఒరుసుకుంటూ పోయినప్పుడే దెబ్బ దిగుతుంది, లేస్తుంది. కామ రెండు వేళ్లు పొడుగైనా, పట్టు రెండు వేళ్లు జరిగినా చక్రం మారిపోతుంది. చిన్న బాడిసల కామలు జానెడు, జానెడున్నర దాటకపోవడానికి కారణం ఇదే: గిన్నెలో తిరగాలంటే చక్రం చిన్నదిగా ఉండాలి.

"మరి స్వీడన్‌వాడికి నీ చెయ్యి పొడవు తెలుసా?" అన్నాడు మావయ్య.

మేనల్లుడి దగ్గర జవాబు లేదు. సగటు చేతికి చేస్తారు, తర్వాత మనమే కామను చెక్కుకోవాలి అని ఏదో అన్నాడు. పెట్టెలో తెచ్చిన బాడిస కామ మీద అతను అప్పటికే రెండుచోట్ల గీకిన గుర్తులున్నాయి. మావయ్య వాటిని ముందే చూసి ఊరుకున్నాడని అప్పుడు తెలిసింది.

ఉక్కు సంగతి వచ్చేసరికి మేనల్లుడు బలం పుంజుకున్నాడు. కమ్మరి లారీ కమాను పట్టీ కోసి చేస్తాడు, అవునా? ఆ పట్టీ ఉక్కు మంచిదే, కానీ వంగి లేచే గుణం కోసం దాన్ని మెత్తబరిచి ఉంటారు. అలాగే సానపెడితే వాదర నిలవదు. మళ్లీ ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, గట్టిపడ్డాక పెళుసుతనం పోయేలా కాస్త వేడి చూపించి, సరిగ్గా పాయనం పెట్టాలి. మెరుగుపెట్టిన ఉక్కు మీద వరిగడ్డి రంగు తిరిగినప్పుడు ఆపేయాలి. నీలం వచ్చేదాకా కాలిస్తే వాదర మెత్తబడినట్టే. "ఆ కొలత ఎవరు చూస్తారు?"

"మా నాన్న బాడిసకు రంగు చూసింది ఎవరు? నీ థర్మామీటరా?"

మావయ్య కొలిమి తరఫున మాట్లాడుతుండగా మేనల్లుడు తన వాదనకే గండి కొట్టే నిజం ఒకటి బయటపెట్టాడు. సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు బర్క్ మ్యూజియంలో అతను చూసిన బాడిసలు స్వీడన్‌వి కావు. హైదా, ట్లింగిట్ మొదలైన ఉత్తర అమెరికా వాయవ్య తీరపు మూలవాసులవి. మాను నుంచి కొమ్మ చీలే చోట కర్రను కోసి, కొమ్మను పిడిగా, మాను ముక్కను బల్లగా మలిచి, దాని మీద అలుగును తాడుతో బిగిస్తారు. సహజంగా పెరిగిన వంపు కాబట్టి పోగు తెగదు. సన్నటి పిడి దెబ్బదెబ్బకీ కొంచెం సాగి లేస్తుంది. విందు గిన్నెలు, ముఖాలు, పెద్ద స్తంభాలు వీటితోనే చెక్కారు. అదే మ్యూజియంలో పనిచేసిన బిల్ హోమ్ అనే పండితుడు 1965లో ఆ కళ రూపరేఖల మీద రాసిన పుస్తకం ఇప్పటికీ విద్యార్థులకు మొదటి పాఠం. ఆయనకు చెక్కడమూ వచ్చేది.

"అలుగు దేంతో చేస్తారు?" మావయ్య ప్రశ్న.

"పూర్వం రాయి, గుల్ల. తర్వాత ఇనుము. ఇప్పుడు..." మేనల్లుడు కొంచెం తడబడ్డాడు. "ఇప్పుడు చాలామంది పాత కార్ల, ట్రక్కుల కమాను పట్టీలతో చేసుకుంటారు."

మావయ్య నవ్వు పాక దాటి వినిపించింది. "నాగలికి వంపు తిరిగిన తుమ్మ మాను వెతుక్కునేవాళ్లం, తెలుసా? పోగు తెగకూడదనే. వాళ్లదీ లారీ పట్టీయే, మనదీ లారీ పట్టీయే. మధ్యలో నీ స్వీడన్ ఎందుకొచ్చిందిరా?"

ఎందుకొచ్చిందో చెప్పాలి. పచ్చి కర్రతో గిన్నెలు, గరిటెలు చెక్కే పల్లె విద్య స్వీడన్‌లో పూర్తిగా అంతరించలేదు. విల్లే సుండ్‌క్విస్ట్ అనే గురువు (1925–2018) దాన్ని కత్తి, గొడ్డలి పాఠాలుగా బోధించాడు. ఆయన పుస్తకం 1990లో ఇంగ్లీషులోకి వచ్చాక అమెరికాలో చాలామంది అలా చెక్కడం మొదలుపెట్టారు. పనివాళ్లు పెరిగితే పనిముట్లకు గిరాకీ పుడుతుంది. గ్రాన్స్‌ఫోర్స్ బ్రుక్ 1902 నుంచి గొడ్డళ్లు చేస్తున్న కార్ఖానా. హాన్స్ కార్ల్‌సన్ కమ్మరిశాల నుంచి చిన్న బాడిసలు, ఉలులు వస్తాయి. వాళ్లు గిన్నె చెక్కేవాళ్లతో మాట్లాడి వంపు, వాలు, కోణం ఖరారు చేసుకుంటారు. ధరలో ఆ మాటలకు కూడా వాటా ఉంది. మావయ్య లెక్కలో ఆ వాటా కనిపించకపోవడానికి కారణం, ఆయన బాడిసకు సంబంధించిన మాటలు ఆయన తాతల కాలంలోనే పూర్తయిపోయాయి. తూర్పు ఐరోపాలోనూ బాడిస పని పాతదే. హంగేరీలో బెయాష్ అనే జనం పాప్లర్, విల్లో దుంగల్లో బాడిసతో తొట్లు తొలిచి ఊరూరా అమ్ముకుని బతికారు.

ఇంకా వెనక్కి వెళ్తే ఈజిప్టు. 1922లో బయటపడ్డ టూటన్‌ఖామన్ సమాధి గోడ మీద, తర్వాతి రాజు ఆయ్ చేతిలో బాడిస పట్టుకుని మమ్మీ ముందు నిలబడి ఉంటాడు. పోయినవాడికి మళ్లీ నోరు తెరుచుకోవడానికి చేసే తంతు అది. వాళ్ల బొమ్మల లిపిలో చెక్క ముక్క మీద బాడిస వేస్తే 'ఎంచుకోవడం' అని అర్థం. రామ్సెస్ II సింహాసన నామంలో 'రా దేవుడు ఎంచుకున్నవాడు' అనే చోట ఈ గుర్తే ఉంటుంది. మేనల్లుడు ఇది చెబితే మావయ్య, "బాడిసను ఎంచుకోలేక చచ్చే నీలాంటివాడెవడో ఆ బొమ్మ పెట్టుంటాడు," అని లేచి భోజనానికి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే కొలిమికి వెళ్లారు. మేనల్లుడు అట్టముక్క మీద వాదర వంపు గీసి కోసి తెచ్చాడు, నమూనాకు స్వీడన్ బాడిస ఉండనే ఉంది. కమ్మరి ఇద్దరి మాటా విని పట్టీ ముక్కను కాల్చి, దాగలి మీద పెట్టి వంపు తీశాడు. వంపు అద్భుతంగా వచ్చింది. అట్టముక్క ఆనిస్తే సందులోంచి వెలుతురు రాలేదు. చల్లారాక సానపట్టి ఇచ్చాడు. చూస్తే వాలు లోపలి వైపు ఉంది.

తిట్టడానికి వీల్లేదు. నమూనా ఎదురుగా ఉన్నా ముప్పై ఏళ్ల అలవాటు చేతిని అటే తీసుకెళ్లింది. మేనల్లుడు మావయ్య వైపు చూశాడు. మావయ్య ఆకాశం వైపు చూశాడు. ఇరవై వేల బాడిసకు జనం డబ్బు దేనికి కడతారన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి సమాధానం ఆ వాదనంతటిలో రాలేదనే చెప్పాలి. కమ్మరి మాత్రం మొహమాటపడకుండా ఇంకో ముక్క కాల్చాడు. ఈసారి వాలు బయటికి. వాడేసిన ఇంజన్ ఆయిల్లో ముంచాడు. ముంచి తీశాక మేనల్లుడు ఆకురాయితో వాదర మీద గీసి చూశాడు. ఆకురాయి పట్టకుండా జారిపోయింది, అంటే గట్టిపడింది. తర్వాత పాయనం. రంగు కోసం ముగ్గురూ ఒకే అంగుళం ఉక్కు మీద తలలు ఆనించి చూశారు. గడ్డిరంగు తిరగ్గానే కమ్మరి తీసేశాడు. థర్మామీటరు మాట ఎవరూ ఎత్తలేదు.

కిరాణా కొట్టు కాటా మీద పెడితే స్వీడన్‌ది కామతో సహా 640 గ్రాములు. కొత్తది కామ లేకుండానే 870.

"బరువే పని చేస్తుందిరా, చెయ్యి కాదు."

"దూలానికి అవును. గిన్నెలో ప్రతి దెబ్బనూ ఆపాలి మావయ్యా. ఆపేది చెయ్యే."

అరిగించారు. 700కు వచ్చేసరికి సాయంత్రమైంది, అక్కడితో ఇద్దరూ రాజీపడ్డారు. కామ పని మావయ్య ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మేనల్లుడి మోచెయ్యి నుంచి గుప్పిటి దాకా పుల్లతో కొలిచి, తుమ్మ కొమ్మ చెక్కి, కంతలో బిగించి, బల్ల మీద పెట్టి వాలు ఆనించి చూశాడు. ముందురోజు విన్న పరీక్ష. చెయ్యి కాస్త ఎత్తుగా ఉందనిపించి, కంత లోపల ఒక పక్క సన్నటి చెక్క చీల దిగ్గొట్టాడు. అలుగు వెంట్రుకవాసి లోపలికి తిరిగింది. మళ్లీ ఆనించాడు. సరిపోయింది.

మామిడి గిన్నె లోపలి భాగం ఆ బాడిసతోనే పూర్తయింది. రెండు కొసల నుంచి నడిమికి కొట్టుకుంటూ పోయారు. పోగుకు ఎదురెళ్తే కర్ర లేచిపోతుంది కాబట్టి అటు సగం నుంచి ఇటు, ఇటు సగం నుంచి అటు. మేనల్లుడు మాత్రం మొద్దును కాళ్లతో పట్టలేదు. మామిడి సొన తగిలి అతని మోచేతుల మీద దురద లేస్తే మావయ్య కొబ్బరినూనె సీసా అందించి, "అమెరికా చర్మం," అన్నాడు. గోడలు వేలి మందానికి వచ్చాక ఆపేశారు. గోనెసంచి చుట్టి, నీడన, గాలి తగలని మూల పెట్టారు. త్వరగా ఆరితే పగులుతుంది.

లోపల బాడిస గుర్తులు చేప పొలుసుల్లా మిగిలాయి. వాటిని అలాగే ఉంచమని మేనల్లుడు. ఆ వాయవ్య తీరంలో గిన్నెల మీదా స్తంభాల మీదా ఈ గుర్తులను వరసగా, కావాలనే వదులుతారట. పని ముగించని గిన్నెను ఇంట్లో పెట్టుకోవడం తనకు నామోషీ అని మావయ్య. గాజుపెంకు పట్టి గీకితే అద్దంలా వస్తుందన్నాడు. ఆ తగువు విమానం రోజు దాకా సాగి, తర్వాత ఫోనులోకి మారింది. మావయ్య వారానికోసారి గిన్నెను కిరాణా కాటా మీద తూచి బరువు పంపుతున్నాడు. రెండు వారాలు వరసగా ఒకే అంకె వస్తే ఆరినట్టు. గుర్తులు ఉంచాడో గీకేశాడో మాత్రం చెప్పడం లేదు. ఫొటో పంపమంటే గిన్నె బోర్లించి తీస్తున్నాడు.

లారీ పట్టీ బాడిస ఇప్పుడు సియాటిల్‌లో ఉంది. పెద్ద గిన్నెలకు మేనల్లుడు దాన్నే ముందు అందుకుంటున్నాడు. కామ అతని చేతిలో పుట్టినట్టే ఉంది. కానీ కొలిమి దగ్గర అట్టముక్క కోసేటప్పుడు ఎదురుగా ఉన్నది పెద్ద గిన్నె, పెద్ద నమూనా. ఆ వంపు చిన్న గిన్నె గోడల దగ్గర ఇప్పటికీ చెవులు తగిలిస్తూనే ఉంది. వచ్చిన నెలకే స్వీడన్‌కు ఆర్డరు పెట్టాడు. తనకన్నా ముందు వరసలో చాలామంది ఉన్నారు, వచ్చేసరికి నెలలు పడుతుంది. మావయ్యకు ఇంకా చెప్పలేదు.